మొప్పమూత : చెరువు క్షేమమును తెలుపు గుర్తు

(వ్యవసాయాధికారి, ఎలమంచిలి)

ఎలమంచిలి సంతలో చేప కొనువారు ముందుగా చేయు పని ఒకటి కలదు. చేప తలకు ప్రక్కనున్న గట్టి మూతను బొటనవ్రేలితో ఎత్తి, లోపలి మొప్పల రంగు చూతురు. ఎర్రగా నున్న ఎడల బేరము సాగును. నల్లబారిన ఎడల బుట్ట దాటి పోదురు. చదువు రాని వృద్ధురాలు కూడా ఈ పరీక్షలో పొరబడదు. కాని చెరువులో చేపలు పెంచు రైతు ఇదే పరీక్షను చేప బ్రతికియుండగా చేయుట అరుదు. చేపలు తేలి చచ్చిన తరువాత ఎంత విచారించినను పెట్టుబడి తిరిగి రాదు. కనుక ఈ మూత ఏమి, దాని పని ఏమి, దానిని ఎత్తి చూచినచో చెరువును గురించి ఏమేమి తెలియును అను సంగతులు ఈ వ్యాసమున వివరింపబడుచున్నవి.

మూత నిర్మాణము

చేప తలకు ఇరుప్రక్కల కంటి వెనుకగా అర్ధచంద్రాకారములో కదలుచుండు పలుచని ఎముక రేకునే మొప్పమూత అందుము. శాస్త్రగ్రంథములలో దీనికి ఉపరికులమని పేరు. చూచుటకు ఒకటే రేకువలె నున్నను, ఇది ప్రతి ప్రక్కను నాలుగు ఎముకలు కలిసి ఏర్పడినది. ముందు భాగమున కొడవలివలె వంగిన ఎముక ఒకటి, వెనుక వెడల్పైన పెద్ద రేకు ఒకటి, వాటి దిగువను మరి రెండు చిన్న రేకులు ఉండును. వీని క్రింద గొడుగు కమ్ములవంటి సన్నని ఎముకలు, వానిని కలుపుచు మెత్తని పొర ఉండును. మూత మూసికొన్నపుడు ఈ పొర అంచును గట్టిగా అంటి, నీరు వెనుకనుండి లోనికి పోకుండ ఆపును.

మూతను ఎత్తినచో లోపల దువ్వెనలవలె నాలుగు వరుసల మొప్పలు కనుపించును. ఒక్కొక్క మొప్పకు మధ్య ఎముక విల్లు, దాని వెలుపలి వైపు ఎర్రని మెత్తని పోగులు, లోపలి వైపు గట్టి ముళ్ళవంటివి ఉండును. ఎర్రని పోగులు ఊపిరి కొరకు, లోపలి ముళ్ళు ఆహారమును వడపోయుట కొరకు. పై నీటిలోని సూక్ష్మజీవులను తిని పెరుగు బొచ్చె చేపకు ఈ వడపోత ముళ్ళు సన్నగా, పొడవుగా, దట్టముగా ఉండును. కొర్రమీను ఇతర చేపలను మ్రింగునది కనుక దానికి ఇట్టి జల్లెడ అక్కరలేదు. చేప ఏమి తినునో దాని మొప్పమూత ఎత్తి చూచి చాలవరకు చెప్పవచ్చును.

ఎర్రని పోగులపై చర్మము కాగితముకన్న పలుచన. లోపల ప్రవహించు రక్తమునకు, బయటి నీటికి నడుమ ఉన్న అడ్డు అంత మాత్రమే. అంత సున్నితమైన అంగమును పుల్ల, రాయి, శత్రువు తాకకుండ కాపాడుట మూత చేయు మొదటి పని. రెండవ పని అంతకంటె ముఖ్యమైనది.

రెండు తిత్తుల కొలిమి

కమ్మరి కొలిమివద్ద తిత్తిని చూడని రైతు లేడు. ఒక్క తిత్తి మాత్రమే ఉన్నచో గాలి ఆగి ఆగి వచ్చును. రెండు తిత్తులను ఒకటి విడిచి ఒకటి ఊదినచో గాలి ఎడతెగక వచ్చును. చేప తలలో సరిగా ఇట్టి రెండు తిత్తులున్నవి. ఒకటి నోరు, రెండవది మొప్పమూత క్రింది గది.

చేప నోరు తెరచి దవడ దించినపుడు నీరు లోనికి వచ్చును. అపుడు మూత అంచులు మూసికొనియుండును. మూత ప్రక్కకు ఉబ్బుటచే దాని క్రింది గది పెద్దదై, నీటిని నోటినుండి మొప్పల మీదుగా తనవైపు లాగికొనును. తరువాత చేప నోరు మూసి, నోటి అడుగును పైకి నొక్కును. నీరు మొప్పల సందులగుండా వెనుకకు నెట్టబడును. మూత తెరచుకొని నీరు బయటికి పోవును. ఈ విధముగా మొప్పలపై నీరు దాదాపు ఎడతెగక ఒకే దిశలో పారుచుండును.

మొప్ప పోగులలోని రక్తము నీటికి ఎదురు దిశలో ప్రవహించును. అందువలన రక్తము ముందుకు సాగుకొలది మరింత తాజా నీరు దానికి ఎదురగుచు, చివరి వరకు ప్రాణవాయువు దొరకుచునే యుండును. ఈ ఏర్పాటుచే చేప తన మొప్పలపై పోవు నీటిలోని ప్రాణవాయువులో నూటికి 80 పాళ్ళ వరకు గ్రహింపగలదు. మన ఊపిరితిత్తులు గాలిలోని ప్రాణవాయువులో నాలుగవ వంతు మాత్రమే గ్రహించును.

చేపకు ఇంత నేర్పు ఎందుకు కావలసివచ్చెను? నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువ. 30 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఒక లీటరు మంచినీరు ఎంత నిండుగా పీల్చుకొన్నను సుమారు 7½ మిల్లీగ్రాముల ప్రాణవాయువును మాత్రమే ఉంచుకొనగలదు. ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాములుండును. వేడి పెరిగినకొలది నీటి శక్తి మరింత తగ్గును. మన ప్రాంతపు వేసవి చెరువులలోని చేప ఎంత బిగువైన సంసారము నడుపుచున్నదో దీనినిబట్టి ఊహింపవచ్చును.

గాలిలో అంత ప్రాణవాయువున్నను బయట వేసిన చేప చచ్చుటకు కారణము కూడ ఇచ్చటనే తెలియును. నీటిలో మొప్ప పోగులు విడివిడిగా తేలియుండును. గాలిలో అవి తడిసిన వెండ్రుకలవలె ఒకదానికొకటి అంటుకొని, త్వరలో ఎండిపోవును. చుట్టు గాలి ఎంత ఉన్నను దానిని తీసికొను చోటు మూసికొనిపోవును.

మన తీరపు చేపలు

పూడిమడక మొదలగు తీరగ్రామములనుండి వచ్చు చేపల బుట్టలో మొప్పమూతలలోని భేదములన్నియు చూడవచ్చును. సొర చేపకు, టేకు చేపకు మూతయే లేదు. వాని అస్థిపంజరము మెత్తని మృదులాస్థి. సొరకు తలప్రక్కల సాధారణముగా అయిదు చీలికలు తెరచియే కనుపించును. టేకునకు ఆ చీలికలు అడుగు వైపున ఉండును. ఎముక చేపలన్నింటికి మూత కలదు. వేగముగా ఈదు తూర చేప మూతను ఆడించు శ్రమ కూడ పడదు. నోరు కొంచెము తెరచి ముందుకు దూసుకొనిపోవుచుండగా నీరు తనంతట మొప్పల మీదుగా పారును. అందుచే అది ఈత ఆపినచో ఊపిరాడదు. పండుగప్ప మూత అంచులు కత్తివలె పదునుగా నుండి, ముల్లు కూడ కలిగియుండును. అనుభవము గల జాలరి దానిని మూత వద్ద చేతితో పట్టడు.

ఈ సందర్భమున విశాఖపట్టణమునకు సంబంధించిన ఒక సంగతి చెప్పవలసియున్నది. 1780వ దశకములో ఈస్టిండియా కంపెనీవారి కాలమున పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున నివసించి, ఈ తీరమున దొరకు చేపలను సేకరించి బొమ్మలు గీయించెను. 200 చేపల వర్ణనలతో ఆయన గ్రంథము 1803లో లండనులో అచ్చయినది. మన జాలరులు పలికిన తెలుగు పేర్లను ఆయన ఆ గ్రంథమున వ్రాసియుంచెను. వానిలో కనగర్త ఒకటి. 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే ఆ పేరునే శాస్త్రనామముగా స్వీకరించెను. నేటికిని ప్రపంచమంతట ఆ చేపను మన తెలుగు పేరుతోనే గుర్తింతురు. కనగర్త నోరు తెరచి చూచినచో, మొప్పల వడపోత ముళ్ళు ఈకలవలె పొడవుగా పైకి కనుపించును. ఆ చేపను గుర్తించుటకు అది మంచి ఆనవాలు.

మూత క్రింద గాలి గది

కొన్ని మంచినీటి చేపలు మూత క్రింది చోటును మరియొక విధముగా కూడ వాడుకొన్నవి. కొర్రమీనుకు మొప్పలపైన గాలి నిలుపుకొను గది కలదు. మార్పు చేపకు ఆ గదిలో చిన్న చెట్టుకొమ్మవంటి అంగము పెరుగును. ఆనబాస్ అను ముళ్ళ చేపకు ముడతలు ముడతలుగా మడచిన ఎముక రేకులు, వానిపై రక్తము నిండిన పొర ఉండును. ఇవి నీటిపైకి వచ్చి గాలి మ్రింగి, ఆ గదిలో నింపుకొని, అందలి ప్రాణవాయువును తీసికొనును. కనుకనే కొర్రమీనును తడి గోనెలో బ్రతికియుండగనే సంతకు తేగలుగుచున్నారు.

ఆనబాస్ చేప మూత అంచు రంపమువలె ముళ్ళు గలది. చెరువు ఎండినపుడు అది మూతను చాచి, ఆ ముళ్ళను నేలలో గ్రుచ్చి, తోకతో నెట్టుకొనుచు మరియొక మడుగునకు ప్రాకిపోవును. 1791లో తమిళదేశపు తీరమున తరంగంబాడిలో డాల్డార్ఫ్ అను డేనిష్ అధికారి, తాటిచెట్టు మొదటి చీలికలో ఇట్టి చేప ప్రాకుచుండగా చూచితినని వ్రాసెను. చెట్టెక్కు చేప అను పేరు అప్పటినుండి వ్యాపించినది. చెట్టెక్కుట దాని అలవాటు కాదు గాని తడినేలపై ప్రాకుట మాత్రము నిజము.

రైతు గమనింపవలసిన విశేషమొకటి ఉన్నది. పెద్ద కొర్రమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొననిచో, నీరు ఎంత మంచిదైనను చచ్చును. గుర్రపుడెక్క చెరువంతయు కప్పివేసినచో ఈ చేపలకు కూడ ముప్పే.

ఇతర జంతువులలో మూత

వరిచేలలో తిరుగు తోకకప్పలకు కూడ మొప్పమూత కలదు. గ్రుడ్డునుండి వచ్చిన కొలది దినములకు చర్మపు మడత ఒకటి మొప్పలమీదుగా పెరిగి వానిని కప్పివేయును. నీరు పోవుటకు చాల జాతులలో ఎడమప్రక్కను ఒక చిన్న రంధ్రము మాత్రము మిగులును. ముందుకాళ్ళు ఈ మూత లోపలనే పెరుగుచుండును. అందువలననే తోకకప్పకు వెనుకకాళ్ళు ముందు వచ్చినట్లు మనకు తోచును. ముందుకాళ్ళు సిద్ధమైన తరువాత మూతను చీల్చుకొని బయటపడును. పురుగులను తిని పైరును కాపాడు కప్ప ఈ దశలో మిక్కిలి సుకుమారము. పురుగుమందు కలిసిన నీరు మొదట తోకకప్పలనే చంపును.

రొయ్యలకు, పీతలకు మొప్పలు తలప్రక్కల పెంకు క్రింద దాగియుండును. ఆ పెంకు అంచే వాటికి మూత. లోపల తెడ్డువంటి చిన్న అవయవము ఎడతెగక ఆడుచు నీటిని తోడుచుండును. రొయ్య పెంకు పలుచన గనుక వెలుతురుకు పట్టి చూచినచో మొప్పల రంగు పైనుండియే తెలియును. మొప్పలు నల్లబడియున్న ఎడల చెరువు అడుగున కుళ్ళు మట్టి పేరుకొన్నదని అనుమానింపవలెను. పెంకు ఒకప్రక్క బొడిపెవలె ఉబ్బియున్నచో దాని క్రింద పరాన్నజీవి చేరియుండవచ్చును. మండపీత తన మొప్పగదిలో తడి నిలుపుకొనును. కనుక తడిగుడ్డ కప్పి నీడలో ఉంచినచో కొన్ని దినములు బ్రతుకును.

చేనిలోని నత్తకు గల మూత వేరు. అది మొప్పలకు కాదు, ఇంటికే తలుపు. నత్త పాదమునకు వెనుక అంటియుండు గట్టి బిళ్ళ అది. నత్త లోనికి ముడుచుకొన్నపుడు బిళ్ళ చివరకు వచ్చి వాకిలి మూయును. వేసవిలో చెరువు ఎండినపుడు నత్త బురదలో దూరి, ఆ తలుపు వేసికొని, వర్షము వచ్చువరకు నెలల తరబడి నిద్రించును. చేప మూతకు, నత్త మూతకు శాస్త్రజ్ఞులు ఒకే లాటిన్ పేరు పెట్టినను రెండింటికి వంశసంబంధము లేదు. పని పోలికచే వచ్చిన పేరు మాత్రమే.

ఈ భేదము తోట రైతునకు మిక్కిలి ఉపయోగము. 1847లో కలకత్తాకు తేబడి, తరువాత దేశములో పలుచోట్ల వ్యాపించిన ఆఫ్రికా పెద్దనత్తకు ఈ తలుపు బిళ్ళ లేదు. అది ఎండకాలమున జిగురు పొరతో మాత్రమే వాకిలి మూసికొనును. మెట్టభూమిలో పొడవైన గుల్లతో పెద్ద నత్త కనుపించి, దానికి గట్టి బిళ్ళ లేనిచో అనుమానించి వెంటనే అధికారులకు తెలుపవలెను. అది ఒక్కమారుకు వందకు పైగా గ్రుడ్లు పెట్టగలదు. రాత్రివేళ కూరపైరులను, బొప్పాయి, అరటి మొక్కలను తినివేయును. వట్టి చేతితో తాకక, చేతికి తొడుగు వేసికొని ఏరి, ఉప్పునీటిలో వేసి చంపవలెను.

చెరువు గట్టున చేయదగిన పరీక్ష

ఇక చేపల రైతు చేయవలసిన పని చెప్పెదము. ప్రతి పదిహేను దినములకొకమారు వల వేసి నాలుగైదు చేపలను పట్టి, చేతులు తడిపికొని, మూతను మెల్లగా ఎత్తి చూడవలెను. చచ్చిన చేప మొప్పలు కొద్దిసేపటికే రంగు మారును గనుక బ్రతికియున్న చేపనే పరీక్షింపవలెను. చూచిన వెంటనే నీటిలో విడువవలెను.

1. మొప్పలు నిండు ఎరుపుగా, పోగులు విడివిడిగా, శుభ్రముగా ఉన్నచో చేప ఆరోగ్యముగా నున్నదని తెలియవలెను.

2. పాలిపోయి తెల్లగా నున్నచో రక్తము తగ్గినది. పరాన్నజీవులుగాని, తెగులుగాని కారణము కావచ్చును.

3. చాకొలేటువలె గోధుమరంగుగా నున్నచో నీటిలో నైట్రైటు చేరినదని అనుమానింపవలెను. మేత, పేడ ఎక్కువైన చెరువులలో ఇట్లగును. రక్తము ప్రాణవాయువును మోయలేకపోవును.

4. జిగురు ఎక్కువై, పోగులు ఉబ్బి, మూత పూర్తిగా మూసికొనక ఎత్తుగా నిలిచియున్నచో మొప్పపురుగు పట్టియుండవచ్చును.

5. కొంత ఎరుపు, కొంత తెలుపుగా మచ్చలు పడి, పోగుల కొనలు కుళ్ళి రాలుచున్నచో మొప్పకుళ్ళు తెగులని భావించి, మేతను, ఎరువును వెంటనే ఆపవలెను.

6. తెల్లని సజ్జగింజలవంటి బొడిపెలున్నచో ఆ చేపలను వేరు చేసి, మరియొక చెరువునకు పంపక, మత్స్యశాఖవారికి చూపవలెను.

మరియొక సులభమైన పరీక్ష మూత ఆడుటను లెక్కించుట. చేపలు బాగున్న దినములలో ఒక చేపను చెరువు నీటితో నిండిన వెడల్పు తొట్టిలో ఉంచి, అది కుదుటపడిన పిమ్మట నిమిషమునకు మూత ఎన్నిమార్లు ఆడుచున్నదో లెక్కించి, తేదీ, వేళ, నీటి వేడితో సహా పుస్తకములో వ్రాసికొనవలెను. వేడి పెరిగినను, చేప చిన్నదైనను ఈ లెక్క పెరుగుట సహజము. కనుక పొరుగువాని చెరువు లెక్క మనకు పనికిరాదు. మన చెరువు, మన చేప, అదే వేళ అను మూడును కలిసినపుడే పోల్చవలెను. అట్లు పోల్చినపుడు మూత వేగము బాగుగా హెచ్చియున్నచో ముప్పు వచ్చుచున్నదని గ్రహింపవచ్చును.

తెల్లవారుజాము ముప్పు

పగటివేళ నీటిలోని పచ్చని నాచు ప్రాణవాయువు నిచ్చును. రాత్రివేళ అదే నాచు ప్రాణవాయువును తీసికొని బొగ్గుపులుసు వాయువును విడుచును. కనుక తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అన్నింటికంటె తక్కువ. వరుసగా మబ్బు పట్టిన దినముల తరువాత ఈ లోటు మరింత హెచ్చును. చేపలకు లీటరునకు 5 మిల్లీగ్రాములకు మించి ప్రాణవాయువు ఉండుట మంచిది. 3 కంటె తగ్గినచో బాధపడును. ఇంకను తగ్గినచో శీలావతి, బొచ్చె, మోసు చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరచి గుటకలు వేయుచు, మూతలను వేగముగా ఆడించును. ఊపిరాడక చచ్చిన చేప తరచుగా నోరు తెరచి, మూతలు విచ్చుకొని కనుపించును.

ఇట్లు కనుపించిన వెంటనే మేత, పేడ ఆపవలెను. గాలి యంత్రమున్న ఎడల తిప్పవలెను. లేనిచో పంపుతో నీటిని తోడి పైనుండి చిమ్మునట్లు తిరిగి చెరువులో పోయవలెను. మంచి నీరు అందుబాటులో నున్నచో పెట్టవలెను. వెదురుకర్రలతో నీటిని కొట్టుట కూడ కొంత మేలు చేయును. సున్నము చల్లిన అన్నియు సర్దుకొనునను నమ్మకము సరికాదు. నీటిలో అమోనియా చేరియున్నపుడు సున్నము వేసినచో క్షారగుణము పెరిగి, అమోనియా విషము మరింత తీవ్రమగును. నీటిని పరీక్షించిన పిమ్మటనే సున్నము వేయవలెను.

చేపలు చచ్చినపుడు కారణము తెలిసికొనుటకు ఒక గుర్తు. తెల్లవారుజామున, పెద్ద చేపలు ముందుగా చచ్చినచో సాధారణముగా ప్రాణవాయువు లోపము. ఏ వేళనైనను, చిన్న పెద్ద భేదము లేక, కప్పలు, పురుగులతో సహా చచ్చినచో విషము కలిసినదని అనుమానింపవలెను.

చేలో చల్లు మందు, చెరువులో పడు చేప

చేప రోజంతయు తన మొప్పలపై నీటిని పారించుచుండును. కనుక నీటిలో కలిసిన విషము నేరుగా రక్తములోనికి పోవుటకు మొప్పయే వాకిలి. మూత పుల్లను, రాతిని ఆపగలదు గాని నీటిలో కరిగిన మందును ఆపలేదు. సైపర్‌మెత్రిన్ మొదలగు మందులు మనుష్యునకు కొంత తక్కువ హాని చేసినను, చేపకు అతి స్వల్పమైన మోతాదులో ప్రాణాంతకములు. చేపలకు మిక్కిలి విషమైన ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు మన దేశములో నిషేధించినది. కాని తక్కిన మందుల విషయమున జాగ్రత్త మనదే.

మందు చల్లిన మడినుండి నీటిని కొన్ని దినములవరకు కాలువకు విడువరాదు. స్ప్రేయరును, మందు డబ్బాలను చెరువులో కడుగరాదు. వర్షము వచ్చునట్లున్నపుడు మందు చల్లరాదు. చెరువునకు ఎగువనున్న రైతు ఈ మూడు నియమములను పాటించినచో దిగువ రైతు చేపలు బ్రతుకును.

పిల్ల కొనునపుడు

చేపపిల్లలను కొనునపుడు తెల్లని పళ్ళెములో నీరు పోసి, కొన్నింటిని అందు విడిచి చూడవలెను. మూత పొట్టిగా నుండి, ఎర్రని మొప్ప బయటికి కనుపించు పిల్లలు కొన్ని ఉండును. మేతలో సి విటమిను లోపము, దగ్గరి రక్తసంబంధము గల తల్లిచేపలనుండి పదే పదే పిల్లలు తీయుట మొదలగునవి ఇందుకు కారణములు. ఇట్టి పిల్లలకు తెగుళ్ళు సులభముగా సోకును, పెరుగుదల తక్కువ. ఇవి ఎక్కువగా నున్న ఎడల ఆ పిల్లను తిరస్కరించుట మేలు. మంచి పిల్లలను కూడ, లీటరు నీటికి 20 నుండి 30 గ్రాముల ఉప్పు కలిపిన నీటిలో ఒకటి రెండు నిమిషములు ముంచి తీసి, పిమ్మట చెరువులో విడువవలెను. తబ్బిబ్బైనచో వెంటనే తీయవలెను.

గ్రామాధికారులకు

పంచాయతీ చెరువులను చేపల పెంపకమునకు ఇచ్చుచోట, ఎగువ చేలకు, చెరువునకు నీటి సంబంధము ఎట్లున్నదో గ్రామాధికారులు ముందుగా చూడవలెను. చేపలు చచ్చినచో తగవులు పెరుగకముందే, అదే దినమున, బ్రతికియున్న ఒకటి రెండు చేపలను, శుభ్రమైన సీసాలో చెరువు నీటిని మత్స్యశాఖ అధికారికి పంపవలెను. మరునాటికి ఆనవాలు చెడిపోవును. విషము కలిసినదని అనుమానమున్నచో ఆ చేపలను ఎవరును తినకుండ, అమ్మకుండ చూచుట కూడ వారి బాధ్యత.

చేప నోరులేని ప్రాణి అందురు. కాని దాని బాధ దాని మూతపై తెలియుచునే యుండును. పదిహేను దినములకొకమారు నాలుగు చేపల మూతలను ఎత్తి చూచుటకు అరగంట చాలును. ఆ అరగంట శ్రమపడు రైతునకు సంవత్సరపు పెట్టుబడి నిలుచును. రైతు సోదరులు ఈ అలవాటును నేటినుండియే ఆరంభింతురుగాక.